ఒకే త్రెడ్డు మీద మూడువేల లారీలు
కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు

సాకెట్లు (నెట్‌వర్క్ కనెక్షనుకు ప్రోగ్రాము వైపుండే కొసలు), ఈవెంట్ లూప్‌ల (అనేక కనెక్షన్లను ఒకేచోట చూసుకునే చుట్లు) మీద వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. వేరే చెప్పకపోతే సర్వరు లినక్స్ అనీ, పైథాన్ 3.11 లేదా ఆపైది అనీ అనుకుని చదవండి.

ప్రశ్న: మాది లారీల జీపీఎస్ ట్రాకింగ్ సర్వీసు. బండిలోని పరికరం సిమ్ ద్వారా నేరుగా మా సర్వరుకు టీసీపీ కనెక్షన్ పెట్టుకుంటుంది. పైథాన్‌లో ఒక్కో కనెక్షనుకు ఒక్కో త్రెడ్డు (ప్రోగ్రాములో విడిగా నడిచే పని వరుస) ఇచ్చి రాశాం. ఇప్పుడు 400 బండ్లున్నాయి, త్వరలో 3,000 అవుతాయి. ఒకే త్రెడ్డు మీద ఈవెంట్ లూప్ నడిపే పైథాన్ లైబ్రరీ అసింక్‌ఐఓకు మారక తప్పదా? ఆ ఈవెంట్ లూప్ లోపల జరిగేదేమిటి?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 400 బండ్ల కోసమైతే మారనక్కర్లేదు. "త్రెడ్డుకు 8 ఎంబీ స్టాక్, మూడువేలకు 24 జీబీ ర్యామ్" అని భయపెట్టే లెక్కను నమ్మకండి. ఆ 8 ఎంబీ వర్చువల్ చిరునామాల లెక్క. త్రెడ్డు నిజంగా ముట్టుకున్న పేజీలకే ర్యామ్ ఖర్చవుతుంది. మూడువేల త్రెడ్లను కూడా లినక్స్ మోయగలదు. మారడానికి మంచి కారణం వేరే ఉంది. మీ పరికరం అరనిమిషానికోసారి కొన్ని పదుల బైట్లు పంపి, మిగతా సమయమంతా ఊరికే ఉంటుంది. అలాంటి కనెక్షన్లకు టైమౌట్ పెట్టడం, మధ్యలో రద్దు చేయడం, "ఏ బండి ఏ సాకెట్ మీద ఉంది" అన్న పట్టికను తాళాల గొడవ లేకుండా నడపడం, ఇవన్నీ ఒకే త్రెడ్డు మీద నడిచే లూప్‌లో చాలా తేలిక.

లూప్ చేసే పని చిన్నదే. ప్రతి సాకెట్‌ను నాన్‌బ్లాకింగ్‌గా మారుస్తుంది. అంటే డేటా లేనప్పుడు చదవబోతే కాల్ అక్కడే ఆగిపోకుండా ఈఎగైన్ అనే ఎర్రర్‌తో వెంటనే తిరిగొస్తుంది. తర్వాత "ఈ సాకెట్‌లో చదవడానికి ఏమైనా వస్తే చెప్పు" అని కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దగ్గర పేరు నమోదు చేయిస్తుంది. అక్కడినుంచి ఒకే చుట్టు: ఏ టైమరు ముందు మోగాలో చూసుకుని, అంతవరకు ఈపోల్_వెయిట్‌లో (లినక్స్‌లోని ఈపోల్ సదుపాయంలో ఎదురుచూసే కాల్) నిద్రపోతుంది. కెర్నెల్ సిద్ధంగా ఉన్న సాకెట్ల జాబితా ఇచ్చి లేపుతుంది. వాటికి సంబంధించిన కాల్‌బ్యాక్‌లను, సమయం వచ్చిన టైమర్లను వరుసగా నడిపి మళ్లీ నిద్రకు పోతుంది. మీరు రాసే కోరూటీన్ (మధ్యలో ఆగి మళ్లీ కొనసాగగల ఫంక్షను) "అవేట్" దగ్గర ఆగాల్సి వస్తే పగ్గాలు లూప్ చేతికి వెళ్తాయి. ఆగాల్సిన అవసరం లేకపోతే, అంటే డేటా అప్పటికే బఫర్‌లో ఉంటే, అవేట్ అని రాసినా పగ్గాలు వదలదు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

పాత సెలెక్ట్ కాల్‌తోనూ ఇదే చేయొచ్చు కానీ, దాని పట్టికలో 1,024 గడులే ఉంటాయి. ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకో సాకెట్‌కో కెర్నెల్ ఇచ్చే అంకె) సంఖ్య 1,023 దాటితే సీ ప్రోగ్రాములో పక్క మెమరీ పాడవుతుంది. పోల్ అనే మరో కాల్‌కు ఆ హద్దు లేదు కానీ పిలిచిన ప్రతిసారీ మొత్తం జాబితాను కెర్నెల్‌కు అందించి, వచ్చాక మళ్లీ మొత్తం వెతకాలి. ఈపోల్‌లో జాబితా కెర్నెల్ దగ్గరే ఉంటుంది, సిద్ధంగా ఉన్నవి మాత్రమే చేతికొస్తాయి. మూడువేలలో ఏ క్షణానైనా కదిలేవి పాతికో ముప్పయ్యో ఉండే మీ బోటి సర్వీసుకు ఇది సరిగ్గా సరిపోతుంది. అసింక్‌ఐఓ లినక్స్ మీద దీన్నే ఎంచుకుంటుంది. మ్యాక్, ఫ్రీబీఎస్‌డీల్లో కేక్యూ.

ప్రశ్న: మా ప్రాజెక్టు కోసం సీ భాషలో ఈపోల్‌తో ఎకో సర్వరు (వచ్చింది అలాగే తిరిగి పంపేది) రాశాను. క్లయింట్లు ఏమీ పంపకపోయినా ఒక కోర్ 100 శాతం నడుస్తోంది. ఎవరో చెబితే ఎడ్జ్-ట్రిగర్డ్ మోడ్‌కు మార్చాను. సీపీయూ తగ్గింది కానీ ఇప్పుడు కొన్ని కనెక్షన్లు మధ్యలో మూగబోతున్నాయి.
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీకు ఇచ్చిన సలహా జబ్బును దాచింది, నయం చేయలేదు. ముందు లెవెల్-ట్రిగర్డ్‌కు (సాకెట్ సిద్ధంగా ఉన్నంతసేపూ ప్రతిసారీ గుర్తుచేసే పద్ధతి) వెనక్కి రండి.

ఏమీ పంపకుండానే సీపీయూ మండటానికి మొదట అనుమానించాల్సింది ఈపోల్‌అవుట్, అంటే "రాయడానికి వీలైతే చెప్పు" అనే గుర్తు. సాకెట్‌ను నమోదు చేసేటప్పుడు ఈపోల్‌ఇన్‌తో (చదవడానికి వస్తే చెప్పు) పాటు దీన్నీ కలిపి ఇచ్చి ఉంటారు. పంపే బఫర్‌లో చోటున్నంతసేపూ సాకెట్ "రాయడానికి సిద్ధం" అనే అంటుంది, చోటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఈపోల్_వెయిట్ నిద్రపోకుండా తిరుగుతూనే ఉంటుంది. పద్ధతి ఇలా ఉండాలి: పంపాల్సింది ఉంటే నేరుగా సెండ్ పిలవండి. అడిగినదానికన్నా తక్కువ బైట్లు పోయినా, ఈఎగైన్ వచ్చినా మిగిలింది మీ బఫర్‌లో దాచుకుని అప్పుడే ఈపోల్‌అవుట్ తగిలించండి. బఫర్ ఖాళీ కాగానే ఈపోల్_సీటీఎల్‌తో తీసేయండి.

రెండో అనుమానితుడు, రిసీవ్ కాల్ సున్నా ఇవ్వడాన్ని పట్టించుకోకపోవడం. సున్నా అంటే అవతలివాడు తన వైపు మూసేశాడని అర్థం. మీరు క్లోజ్ చేయకపోతే ఆ సాకెట్ ఎప్పటికీ "చదవడానికి సిద్ధం" అంటూనే ఉంటుంది.

ఎడ్జ్-ట్రిగర్డ్‌లో కెర్నెల్ కొత్త డేటా వచ్చినప్పుడు మాత్రమే కబురు చేస్తుంది. 10,000 బైట్లు వచ్చి ఉంటే మీరు 4,096 చదివి ఊరుకున్నారనుకోండి, మిగిలిన 5,904 గురించి మళ్లీ గుర్తుచేయదు. అవతలివాడేమో మీ జవాబు కోసం కూర్చుంటాడు. మూగబోవడం ఇదే. ఈ మోడ్ వాడితే ఈఎగైన్ వచ్చేదాకా చదవడం తప్పనిసరి, లిజనింగ్ సాకెట్ మీద యాక్సెప్ట్ కూడా అంతే. అలా చదువుతూ పోతే గుమ్మరించే ఒక్క క్లయింటే లూప్‌ను మింగేస్తాడు కాబట్టి దానికో హద్దు, మిగిలినవాళ్లకు సొంత క్యూ పెట్టుకోవాలి. ప్రాజెక్టుకు ఇంత తలనొప్పి దేనికి? లెవెల్-ట్రిగర్డ్ చాలు. పైథాన్ అసింక్‌ఐఓ కూడా దాన్నే వాడుతుంది.

ఒక మాట, మీరు అడగకపోయినా: అవతలివాడు పోయిన సాకెట్‌లో రాస్తే సిగ్‌పైప్ అనే సిగ్నల్ వచ్చి మీ ప్రోగ్రాము నిశ్శబ్దంగా చస్తుంది. సెండ్‌కు ఎంఎస్‌జీ_నోసిగ్నల్ ఇవ్వండి.

ప్రశ్న: మావి జీటీ06 ప్రోటోకాల్ (ట్రాకర్లు సర్వరుతో మాట్లాడే ఒక పద్ధతి) వాడే జీపీఎస్ పరికరాలు. రీడర్.రీడ్(1024) తో చదివి ప్యాకెట్‌ను విడదీస్తున్నాం. ఆఫీసులో పరీక్షిస్తే బాగుంది. బండ్లు రోడ్డెక్కాక సగం ప్యాకెట్లు, రెండు మూడు అతుక్కున్న ప్యాకెట్లు వస్తున్నాయి. చివర ఎలాగూ 0డి 0ఏ (హెక్స్‌లో రెండు బైట్లు) ఉంటుంది కదా అని, ఇచ్చిన గుర్తు వచ్చేదాకా చదివే రీడ్‌అంటిల్‌కు మార్చాం. చాలావరకు సర్దుకుంది, అప్పుడప్పుడు మాత్రం సీఆర్‌సీ (ప్యాకెట్ పాడైందో లేదో చెప్పే తనిఖీ అంకె) తప్పుతోంది.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: టీసీపీలో ప్యాకెట్ అన్నదే లేదు, బైట్ల ధార మాత్రమే ఉంది. పరికరం రెండుసార్లు పంపింది మీకు ఒకేసారి రావచ్చు, ఒకేసారి పంపింది మూడు ముక్కలుగా రావచ్చు. ఆఫీసు వైఫైలో ముక్కలు కాకపోవడం అదృష్టమే తప్ప హామీ కాదు. ఒక ప్యాకెట్ ఎక్కడ ముగిసిందో తేల్చుకోవడం మీ ప్రోగ్రాము బాధ్యత.

రీడ్‌అంటిల్ ఎందుకు తప్పుతోందంటే, 0డి 0ఏ అనే జంట చివరే కాక మధ్యలోనూ రావచ్చు. అక్షాంశం, రేఖాంశం, సీరియల్ సంఖ్య, సీఆర్‌సీ అన్నీ ముడి బైట్లే. వాటిలో ఎక్కడో 0డి పక్కన 0ఏ పడితే ప్యాకెట్ అక్కడే తెగిపోతుంది. కామాలతో విడదీసిన పాఠ్యం పంపే పరికరాలకు రీడ్‌అంటిల్ బాగానే ఉంటుంది. బైనరీ ప్రోటోకాల్‌కు పనికిరాదు. ఇక్కడ పొడవును నమ్మాలి.

జీటీ06 ప్యాకెట్ నిర్మాణం ఇది: ప్రారంభ గుర్తు 78 78, తర్వాత ఒక బైటు పొడవు, ఒక బైటు ప్రోటోకాల్ సంఖ్య, సమాచారం, రెండు బైట్ల సీరియల్ సంఖ్య, రెండు బైట్ల సీఆర్‌సీ, చివర 0డి 0ఏ (అన్నీ హెక్స్‌లో). పొడవు బైటు ప్రోటోకాల్ సంఖ్య నుంచి సీఆర్‌సీ దాకా లెక్కిస్తుంది, చివరి రెండు బైట్లను లెక్కించదు. కాబట్టి ముందు రీడ్‌ఎగ్జాక్ట్‌లీ(3), అంటే సరిగ్గా మూడు బైట్లు వచ్చేదాకా చదవడం, అందులో మూడో బైటు ఎంతో చూసి, దానికి 2 కలిపి మళ్లీ రీడ్‌ఎగ్జాక్ట్‌లీ. లాగిన్ ప్యాకెట్‌తో సరిచూసుకోండి: పొడవు హెక్స్‌లో 0డి, అంటే 13. ప్రోటోకాల్ సంఖ్య 1, ఐఎంఈఐ (పరికరం గుర్తింపు సంఖ్య) 8, సీరియల్ 2, సీఆర్‌సీ 2, మొత్తం 13. ముందు మూడు, చివర రెండు కలిపితే ప్యాకెట్ 18 బైట్లు. ప్రారంభం 79 79 అయితే పొడవుకు ఒకటి కాదు, రెండు బైట్లు. ఆ దారిని కూడా రాసిపెట్టండి, లేకపోతే ఏదో ఒకరోజు అలాంటిది వచ్చి ధారంతా పక్కకు జరిగిపోతుంది.

ప్రారంభ గుర్తు తప్పుగా వచ్చినా, సీఆర్‌సీ కుదరకపోయినా ఆ ధారలో మళ్లీ మొదలు ఎక్కడుందో వెతకబోకండి. కనెక్షన్ మూసేయండి, పరికరమే మళ్లీ కలుస్తుంది. లాగిన్ వచ్చిన వెంటనే అదే సీరియల్ సంఖ్యతో 10 బైట్ల జవాబు పంపడం మరవకండి. జవాబు రాకపోతే పరికరం లొకేషన్ పంపకుండా మళ్లీ మళ్లీ లాగిన్ అవుతుంది, మీరేమో నెట్‌వర్క్‌ను తిట్టుకుంటారు. రీడ్‌ఎగ్జాక్ట్‌లీ మధ్యలో కనెక్షన్ తెగితే ఇన్‌కంప్లీట్‌రీడ్‌ఎర్రర్ వస్తుంది. అది రోజూ జరిగే మామూలు సంగతి, లాగ్‌లో ఎర్రర్‌గా రాయకండి.

ప్రశ్న: మాదీ బండ్ల లొకేషన్లు తీసుకునే అసింక్‌ఐఓ సర్వరే. అప్పుడప్పుడు రెండు మూడు సెకన్లపాటు అందరి కనెక్షన్లూ ఒకేసారి బిగుసుకుపోతాయి, తర్వాత వాటంతటవే కదులుతాయి. సీపీయూ 10 శాతం కూడా లేదు.
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: సీపీయూ ఖాళీగా ఉండి అందరూ ఒకేసారి ఆగితే, ఏదో కోరూటీన్ లూప్ త్రెడ్డు మీదే కూర్చుని దేనికోసమో ఎదురుచూస్తోందన్నమాట. సాధారణంగా దొరికే దొంగలు: సైకోపీజీ2 లాంటి మామూలు డేటాబేస్ డ్రైవరు, రిక్వెస్ట్స్ లైబ్రరీతో బయటి ఏపీఐ పిలుపు, టైమ్.స్లీప్, పని ఒత్తిడితో నెమ్మదించిన డిస్కు మీద లాగ్ రాయడం. ఫంక్షను ముందు "అసింక్" అని రాసినంత మాత్రాన లోపలి కాల్ అసింక్రనస్ అయిపోదు.

ఊహించక్కర్లేదు, పట్టుకోవచ్చు. పైథాన్‌అసింక్‌ఐఓడీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేసి సర్వరు నడపండి. 100 మిల్లీసెకన్లు దాటిన ప్రతి కాల్‌బ్యాక్ పేరు లాగ్‌లో పడుతుంది. పరీక్ష సర్వరు మీదైతే ఆ హద్దును 20 మిల్లీసెకన్లకు తగ్గించండి (స్లో_కాల్‌బ్యాక్_డ్యూరేషన్ విలువ 0.02), ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఎప్పటికీ ఉంచదగ్గ కాపలా ఒకటుంది: ప్రతి సెకనూ లేచి, తను లేవాల్సిన సమయానికీ నిజంగా లేచిన సమయానికీ తేడా రాసే చిన్న కోరూటీన్. ఆ తేడాయే లూప్ ఆలస్యం. సీపీయూ శాతం కన్నా ఈ అంకె మీదే అలారం పెట్టుకోండి.

దొంగ దొరికాక అసింక్ డ్రైవరుకు (పోస్ట్‌గ్రెస్ అయితే అసింక్‌పీజీ) మారడం మంచి మందు. కుదరకపోతే అసింక్‌ఐఓ.టు_త్రెడ్‌తో పక్కకు నెట్టండి. ఇక్కడో చిక్కుంది. దాని వెనకున్న త్రెడ్‌పూల్‌లో ఉండేవి కోర్ల సంఖ్యకు 4 కలిపినన్ని, గరిష్ఠం 32. నాలుగు కోర్ల మెషీన్‌లో ఎనిమిదే. డొమైన్ పేరును ఐపీగా మార్చే గెట్‌యాడర్‌ఇన్ఫో కూడా ఇదే పూల్‌లో నడుస్తుంది. ఎనిమిది నెమ్మది క్వెరీలు అక్కడ తిష్ట వేస్తే, బయటికి పెట్టే కొత్త కనెక్షన్లు డీఎన్ఎస్ దగ్గరే ఆగిపోతాయి. డేటాబేస్ పనికి వేరే ఎగ్జిక్యూటర్ తయారు చేసుకోండి.

మీ బోటి సర్వరుకు ఇంకా మేలైన దారి: ప్రతి లొకేషన్‌కూ ఒక ఇన్‌సర్ట్ వేయకుండా హద్దున్న క్యూలో పడేసి, ఒకే కోరూటీన్ 500 వరుసలకో ఒక సెకనుకో, ఏది ముందైతే దానికి, గుంపుగా రాయడం. నిజంగా సీపీయూ తినే పని ఉంటే త్రెడ్డు కాదు, ప్రాసెస్‌పూల్ (పనిని వేరే ప్రాసెస్‌లకు పంచేది) కావాలి.

ప్రశ్న: మాదీ అసింక్‌ఐఓ ట్రాకింగ్ సర్వరే, బండ్లు 900 దాటవు. కానీ మూడు నాలుగు రోజులకోసారి లాగ్‌లో "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని వచ్చి కొత్త బండ్లు చేరడం ఆగిపోతుంది. రీస్టార్ట్ చేస్తే బాగుంటుంది, కాకపోతే ఆ తర్వాత కొన్ని నిమిషాలపాటు చాలా బండ్లు కలవలేకపోతాయి.
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

మొదటిది చచ్చిన కనెక్షన్లు. లారీ సిగ్నల్ లేని ఘాట్‌లోకి వెళ్లినా, డ్రైవరు బ్యాటరీ వైరు పీకినా మీ సర్వరుకు ఎవరూ చెప్పరు. కనెక్షన్ ముగిసిందని చెప్పే ఫిన్ రాదు, రీసెట్ రాదు. పరికరం కొత్త కనెక్షన్‌తో తిరిగొస్తుంది, పాతది మీ దగ్గర "ఎస్టాబ్లిష్డ్"గానే పడి ఉంటుంది. అలా పోగై ఒక ప్రాసెస్‌కు మామూలుగా ఉండే 1,024 హద్దును తాకుతున్నారు. టీసీపీ కీపలైవ్ (ఊరికే ఉన్న కనెక్షన్ బతికుందా అని ప్రోబ్‌లు పంపి చూసేది) కాపాడుతుందనుకోకండి. అడిగితే తప్ప అది మొదలు కాదు, మొదలైనా లినక్స్‌లో తొలి ప్రోబ్‌కు 7,200 సెకన్లు, అంటే రెండు గంటలు ఆగి, ఆపై 75 సెకన్లకోసారి 9 ప్రోబ్‌లు వేస్తుంది. దాన్ని తగ్గించుకోవచ్చు కానీ, పరికరమే హార్ట్‌బీట్ ("బతికే ఉన్నాను" అనే చిన్న సందేశం) పంపుతున్నప్పుడు ప్రోబ్‌లతో సిమ్ డేటా తగలేయడం దేనికి? చదివే చోట "అసింక్ విత్ అసింక్‌ఐఓ.టైమౌట్" పెట్టి, హార్ట్‌బీట్ వ్యవధికి రెండున్నర రెట్లు ఇవ్వండి. మూడు నిమిషాలకోసారి వస్తే 450 సెకన్లు. టైమౌట్ అయితే రైటర్‌ను మూసేయండి, అది ఫైనల్లీ బ్లాక్‌లో ఉండాలి. దీంతోపాటు ఐఎంఈఐ నుంచి కనెక్షనుకు ఒక పట్టిక పెట్టి, అదే ఐఎంఈఐ కొత్తగా లాగిన్ అయితే పాత సాకెట్‌ను వెంటనే మూసేయండి. పాత కోరూటీన్ పోతూ పోతూ పట్టికలోంచి కొత్తదాన్ని తీసేయకుండా చూసుకోవాలి. తీసేముందు "ఇది నాదేనా" అని పోల్చండి. ఈ ఒక్క పోలిక లేక బండి రోడ్డు మీద ఉండగానే ఆఫ్‌లైన్ అని చూపించే డ్యాష్‌బోర్డులు చాలా ఉన్నాయి.

హద్దును కూడా పెంచండి, సిస్టమ్‌డీ సర్వీసు ఫైల్లో లిమిట్‌నోఫైల్ విలువ 65536. షెల్‌లో యూలిమిట్ మార్చితే సర్వీసుకు అంటదు. అయితే లీకు ఆపకుండా హద్దు పెంచితే మూడు రోజులకొచ్చే జబ్బు ఎప్పుడో తర్వాత వస్తుంది, అంతే. హద్దు తగిలినప్పుడు అసింక్‌ఐఓ లిజనింగ్ సాకెట్‌ను ఒక సెకను పక్కనపెట్టి మళ్లీ ప్రయత్నిస్తుంది కాబట్టి మీ సీపీయూ మండలేదు. సొంతంగా ఈపోల్ రాసుకున్నవాళ్లకు ఇదే చోట లూప్ పిచ్చెక్కినట్టు తిరుగుతుంది.

రీస్టార్ట్ తర్వాతి రద్దీ రెండోది. 900 పరికరాలు ఒకేసారి తలుపు తడతాయి. స్టార్ట్_సర్వర్‌కు ఇచ్చే బ్యాక్‌లాగ్ (యాక్సెప్ట్ కోసం ఆగే కనెక్షన్ల క్యూ హద్దు) డీఫాల్టుగా 100. ఆ క్యూ నిండితే కెర్నెల్ కొత్త కనెక్షన్ అడిగే సిన్ ప్యాకెట్లను పారేస్తుంది, పరికరం తన పద్ధతిలో ఆగి ఆగి మళ్లీ పంపుతుంది. బ్యాక్‌లాగ్ 2048 ఇవ్వండి. కెర్నెల్ పెట్టే పైహద్దు సోమాక్స్‌కాన్ దానికన్నా తక్కువుంటే అదే చెల్లుతుంది. లినక్స్ 5.4 నుంచి అది 4096, అంతకుముందు 128 మాత్రమే. సరిచూడటానికి ఎస్‌ఎస్ కమాండును -ఎల్‌ఎన్‌టీ తో నడపండి. లిజన్ వరుసలో రిసీవ్-క్యూ ఇప్పుడున్న క్యూ పొడవు, సెండ్-క్యూ దాని హద్దు. ఎన్‌స్టాట్ కమాండు చూపే లిజన్‌ఓవర్‌ఫ్లోస్ అంకె పెరుగుతుంటే సమస్య ఇదే.

ప్రశ్న: బండి కదలికలను బ్రౌజర్లకు పంపే సర్వరులో ర్యామ్ మెల్లగా పెరిగి చివరికి ప్రాసెస్‌ను కెర్నెల్ చంపేస్తోంది. మెమరీ లీకు వెతికితే దొరకలేదు.
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: లీకు కాదు, అందుకే దొరకలేదు. అసింక్‌ఐఓలో రైటర్.రైట్ ఎప్పుడూ ఆగదు. సాకెట్ తీసుకోలేనిదంతా ప్రాసెస్ మెమరీలో పేరుస్తుంది. ఎవరో ల్యాప్‌టాప్ మూత వేసి వెళ్తే వాళ్ల వాటా పెరుగుతూనే ఉంటుంది. రైట్ తర్వాత అవేట్ రైటర్.డ్రెయిన్ అనాలి. బఫర్ 64 కేబీ దాటితే డ్రెయిన్ అక్కడే ఆపి, 16 కేబీకి దిగాక వదులుతుంది.

కానీ అందరికీ పంపే లూప్‌లో వరుసగా డ్రెయిన్ చేస్తే ఒక్క నెమ్మది క్లయింటు అందర్నీ ఆపుతాడు. అందుకని ఒక్కో క్లయింటుకు హద్దున్న క్యూ, దాన్ని ఖాళీ చేసే సొంత కోరూటీన్ ఉండాలి. క్యూ నిండితే ఏం చేయాలో ముందే నిర్ణయించుకోండి. మ్యాప్ మీద బండి స్థానానికి పాతది పారేసి కొత్తది ఉంచడమే సరి, పది నిమిషాల కిందటి స్థానం ఎవరికీ అక్కర్లేదు. అలారం సందేశాలైతే పారేయకుండా ఆ క్లయింటునే తెంచి, తిరిగొచ్చాక డేటాబేస్ నుంచి ఇవ్వండి. క్రియేట్_టాస్క్ ఇచ్చిన టాస్కును ఒక సెట్‌లో దాచుకోండి. లూప్ దాన్ని బలహీనంగానే పట్టుకుంటుంది, మీ దగ్గర కూడా లేకపోతే పని మధ్యలో మాయమైపోవచ్చు.

కొన్ని చిన్న ప్రశ్నలు

అసింక్‌ఐఓ సొంత లూప్‌కు బదులు యూవీలూప్ పెడితే వేగం పెరుగుతుందా? (తిరుపతి) లూప్ సొంత ఖర్చు తగ్గుతుంది. మీ సమయం డేటాబేస్‌లో పోతుంటే తేడా కనబడదు. ముందు కొలవండి.

విండోస్ మీద అదే కోడు నడుస్తుందా? (నిజామాబాద్) చాలావరకు. పైథాన్ 3.8 నుంచి అక్కడ ప్రోయాక్టర్ లూప్ డీఫాల్టు. యాడ్_సిగ్నల్_హ్యాండ్లర్ మాత్రం పనిచేయదు. సెలెక్టర్ లూప్‌కు మారితే 512 సాకెట్ల హద్దు ఉంటుంది.

ఫైళ్లు చదవడాన్ని కూడా ఈపోల్‌కు అప్పగించొచ్చా? (ఒంగోలు) కుదరదు. డిస్కు మీది మామూలు ఫైలును నమోదు చేయబోతే ఈపర్మ్ ఎర్రర్ వస్తుంది. త్రెడ్‌పూల్ వాడండి. నోడ్‌జేఎస్ కూడా లోపల అదే చేస్తుంది, డీఫాల్టుగా నాలుగు త్రెడ్లతో.

సర్వరు ఆపబోతే ఆగడం లేదు, పైథాన్ 3.12. (సిద్దిపేట) ఈ వెర్షన్ నుంచి వెయిట్_క్లోజ్డ్ బతికున్న కనెక్షన్లన్నీ ముగిసేదాకా నిజంగానే ఎదురుచూస్తుంది. ముందు సర్వర్.క్లోజ్, తర్వాత కనెక్షన్ల టాస్కులకు పది సెకన్ల గడువు, ముగియనివాటికి క్యాన్సిల్, అన్నిటికన్నా చివర వెయిట్_క్లోజ్డ్. మీ కోడులో ఎక్కడైనా ఉత్త "ఎక్సెప్ట్:" ఉంటే అది క్యాన్సిల్డ్‌ఎర్రర్‌ను కూడా మింగేస్తుంది. దాన్ని "ఎక్సెప్ట్ ఎక్సెప్షన్"గా మార్చండి.